ఎరుపు కొస, నీలం కొస

ఈ మధ్యాహ్నం బోధన్ నుంచి ఊరికి వస్తుంటే బస్సులో నా పక్కన ఒక క్యాంపు ఆమె కూర్చుంది. కోస్తా వైపు నుంచి వచ్చి, ఇక్కడ కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడినవాళ్ళ పల్లెలను మేము క్యాంపులంటాం. ఒళ్ళో ఖాళీ పాలక్యాను పెట్టుకుని, ఎండల సంగతి, చెరుకు సంగతి మాట్లాడుతూ మాది ఏ ఊరని అడిగింది. చెప్పాను.

"మెట్లబావి ఉన్న ఊరేనాండీ? మా చందూరు పక్క క్యాంపులో ఒకావిడ మీ బావి గురించి రాసింది. పోయిందంట, పాపం."

నా నోట్లోంచి అయ్యో అని రాలేదు. "నువ్వు చూసినవా, విన్నవా?" అని వచ్చింది.

ఆమె నన్ను వింతగా చూసింది. "విన్నానండీ. సంతలో ఎవరో అనుకుంటుంటే చెవిన పడింది."

నేను అడిగిన ఆ ప్రశ్న నాది కాదు. పోయిందని ఎవరి గురించి అన్నారో ఆ మనిషే దాన్ని నా నోట్లో పెట్టి పోయింది.

ఆమెకు ఒక పేరుంది. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, నేనూ పిలవలేదు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. దానికి ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. అందుకని పెన్సిలమ్మ అన్నాం. ఆమె పలికింది. ఇక ఆ పేరే నిలిచిపోయింది.

ఆంధ్ర, తెలంగాణ ఒక్క రాష్ట్రమై పదేళ్ళు దాటిన కాలం. చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోవడం అయిపోయి, ఊరు కొంచెం ఊపిరి పీల్చుకుంటున్న ఎండాకాలం. మధ్యాహ్నం నేనూ మా అత్తా వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నాం. మా ఇంటికి ఎదురుగానే మెట్లబావి. ముప్ఫై ఏళ్ళు ఉండే ఒక ఆడమనిషి, ఒక్కతే, మగవాళ్ళ గొడుగు వేసుకుని, మగవాళ్ళ తోలుచెప్పులతో టకటకా వచ్చి బావి మొదటి మెట్టు దగ్గర ఆగింది. చెప్పులు విడిచింది. గొడుగు మూసింది. ఏదో లెక్కపెట్టుకుంటూ లోపలికి దిగిపోయింది.

మా అత్త చేతిలో చింతపండు అట్లాగే ఉంది. "చెప్పులిడిసింది గని మొక్కలే. గిదేం మనిషే పిల్లా?"

కాసేపటికి పైకి వచ్చింది. మళ్ళీ దిగింది. మళ్ళీ వచ్చింది. చీర అంచంతా నాచు. మా వాకిట్లోకి వచ్చి నీళ్ళడిగి, చెంబెడు నీళ్ళూ నిలబడే తాగి, "అక్కా, దీనికి మెట్లెన్ని?" అంది.

"నలుబై" అన్నాను నేను, ఠక్కున.

"నేను మూడుసార్లు లెక్కపెట్టాను. ముప్ఫై ఏడే ఉన్నాయి. నలభై అన్నది మీరు చూసిందా, విన్నదా?"

"మా మామ చెప్పిండు."

"అయితే విన్నది" అంటూ సంచిలోంచి బట్ట అట్ట పుస్తకం తీసి, చెవి మీది పెన్సిలు తిప్పి, నీలం కొసతో ఏదో రాసింది. నాకు కోపం వచ్చింది. మా మామ మాట మీద అంత అనుమానమా అనుకున్నాను. ఆమె మా పెరట్లో ఉన్న వెదురు కర్ర అడిగి తీసుకుని మళ్ళీ దిగింది. నీళ్ళ అడుగున బురదలోకి కర్ర దించి, తడిమి, కొట్టి చూసి, మోకాళ్ళ దాకా బురదతో పైకి వచ్చింది. నవ్వు ముఖమంతా ఉంది.

"ఇంకో మూడు పూడిక కింద ఉన్నాయి. మీ మామగారే కరెక్టు." నీలం మాట పక్కన ఎర్రగా రాసింది. "విన్నదాన్ని కొట్టెయ్యకూడదక్కా. వెళ్ళి చూసి రావాలి. నీలాన్ని ఎరుపు చెయ్యడమే నా పని."

ఆ పనికి ఆమెకు హైదరాబాదు నుంచి ఏడాది పాటు జీతం వస్తుందట, అందులో సగం అప్పటికే గడిచిందట. పాత కట్టడాలు చూసి, వాటిని కాపాడే దారి ఏదో వెతికి, అక్కడి మనుషుల కథలు రాయాలట. తనది చందూరు పక్క క్యాంపని, ఆ జీతాన్ని ఫెలోషిప్ అంటారని చెప్పింది. మా అత్తకు నిజాం కాలంలో సర్కారు ఇచ్చే భత్యం, వజీఫా, తెలుసు కాబట్టి అదే అనుకుంది.

"పాతయి చూసెటందుకు వజీఫానా? ఐతే నన్ను చూడు బిడ్డా. గీ ఊర్ల నాకన్న పాతది ఏమున్నది?"

"మిమ్మల్ని చూడ్డానికే వచ్చాను అవ్వా" అంది పెన్సిలమ్మ, నవ్వకుండా. ఆ రాత్రి నుంచే మా ముందరి అర్రలో ఉంది. పశువుల దాణా బస్తాలు ఒక పక్కకు జరిపి చాప వేసుకుంది.

ఆమెను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది టేపు. బావిని కొలిచే టేపు రెండో కొసను ఎవరు దొరికితే వాళ్ళ చేతిలో పెట్టేది. నీళ్ళకు వచ్చిన కోడళ్ళు పట్టుకున్నారు, సర్పంచ్ పట్టుకున్నాడు, ఒకసారి దారిన పోయే బోధన్ గాజులామె గాజుల బుట్ట నెత్తి మీద ఉండగానే పట్టుకుంది. "కొంచెం గట్టిగా లాగండి" అనేది. ఎవరికీ కాదనడానికి వీలుండేది కాదు. జొన్నరొట్టెలో బెల్లం చుట్టుకుని నడుస్తూ తినేది. చెడ్డ కబురు ఏదొచ్చినా రెండు క్షణాలు కళ్ళు మూసుకుని, తెరిచి, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అనేది. అయ్యో అన్న మాట ఆమె నోట నేను వినలేదు.

ఇంత కొలిచే పని ఎందుకు పడిందంటే, ఆ బావిని పూడ్చాలని అప్పటికే ఊరు నిర్ణయించుకుంది. అంతకుముందు సీజనులో ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు బారు కట్టినప్పుడు, బావి గట్టున ఒక బండి ఒరిగి ఎద్దు లోపల పడింది. కాలు విరిగింది. బతకలేదు. చెరుకు బండ్లు నిలవడానికి జాగా లేదు, ఆ బావి పూడిస్తే జాగా అవుతుంది, ప్రాణభయమూ ఉండదు అని దరఖాస్తు రాశారు. దాని మీద మొదటి వేలిముద్ర మా ఇంటాయనది. ఎందుకంటే ఆ ఎద్దు మాదే.

ఆయన పెన్సిలమ్మతో మొదటి వారం మాట్లాడలేదు. ఒకరోజు అన్నం తింటూ, ఆమె వినేటట్టు నాతో అన్నాడు. "కాల్వ గట్టు మీద పెరిగినోళ్ళకు బాయి ముచ్చటేం ఎరుకనే?"

"తెలియదండీ, అందుకే అడగడానికి వచ్చాను" అంది ఆమె అర్ర గుమ్మంలోంచి. "మీ ఎద్దు ఏ వైపు నుంచి పడిందో చూపిస్తారా?"

ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి చూపించాడు. ఆమె టేపు కొస ఆయన చేతిలో పెట్టింది. ఎద్దు పడిన చోటు కూడా ఆమె పుస్తకంలో ఉంది. ఎర్రగా.

బావి మొదటి మెట్టు పక్కన ఒక నల్లరాయి ఉండేది. మా వాడలో ఆడది ప్రసవిస్తే ఇరవై ఒకటో నాడు తలస్నానం చేసి, బిడ్డను అత్త చేతికిచ్చి, బావి దగ్గరికి వస్తుంది. ఆ రాయిని కడిగి, పసుపు తడిపి, కుడిచేతి ఐదు వేళ్ళతో ఒక్కసారే అద్దుతుంది. ఐదు బొట్లు. అప్పుడు చిన్న చెంబుతో నీళ్ళు ముంచి ఇంటికి తెస్తుంది. అప్పటిదాకా ఆమె వంటింటి కడవ ముట్టకూడదు. రాయి మీద ఐదు గుంతలు ఉండేవి, వేలు పెడితే సరిగ్గా సరిపోయేటట్టు.

పెన్సిలమ్మ ఆ రాయి ముందు ఒక పూటంతా కూర్చుంది. "ఈ గుంతలు చెక్కినవా, వేళ్ళకే అరిగాయా?"

"ఏళ్ళకే అరిగినయి" అన్నాను.

ఆమె తలెత్తి నా వైపు చూసింది.

"విన్నది" అన్నాను నేనే. నీలం పడింది.

మర్నాటి నుంచి ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఏ తల్లి, ఏ బిడ్డకు, ఏ పంట కాలంలో ఆ రాయికి బొట్లు పెట్టిందో రాయడం మొదలుపెట్టింది. నేను వెంట వెళ్ళేదాన్ని. మా దగ్గర ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరు. పుస్తకంలో తండ్రి పేరుకు ఆమె ఒక గడి గీసుకుంది. మూడిళ్ళు తిరిగేసరికి ఆ గడిలో 'మా పెద్దోని నాయిన', 'గా ఎర్ర రుమాలాయన', 'మీదింటి ముసలామె నడిపి కొడుకు' అని నిండింది. నాలుగో ఇంటికి పోకముందే ఆ గడి కొట్టేసి, తల్లి పేరు రాసి, ఆమె తల్లి పేరు రాసింది. "ఇదే నయం" అంది. అట్లా మా అమ్మ పేరు మొదటిసారి ఒక కాగితం మీద చూశాను.

ఒకరోజు ఆమె మా అత్తను అడిగింది. "ఈ బావిలో నీళ్ళు ముంచని వాళ్ళెవరవ్వా?"

మా అత్త తల దించుకుని వత్తులు చేసుకుంటోంది. తలెత్తకుండానే, "ఊరవతలి వాడోళ్ళు. ఆళ్ళను రానియ్యరు" అంది. "గది రాయకు బిడ్డా."

"అది మీరు చూసిందే కదవ్వా."

అత్త వత్తులు తీసుకుని లోపలికి పోయింది. పెన్సిలమ్మ ఆ మధ్యాహ్నం ఊరవతలి వాడకు ఒక్కతే పోయింది. అక్కడి తల్లులు ఇరవై ఒకటో నాడు కాలువ గట్టున ఒక రాతిగుండుకు బొట్లు పెడతారని రాసుకుని వచ్చింది. 'వీళ్ళను బావికి రానివ్వలేదు' అన్న మాట పుస్తకంలో ఇప్పటికీ ఎర్రగా ఉంది. నేను ఆ పుట తిప్పినప్పుడల్లా కళ్ళు తిప్పుకోకుండా చదువుతాను.

ఇక నా తప్పు చెప్పాలి.

నాకు మూడో తరగతి చదువు. కానీ కథ చెబితే వాడంతా కూర్చుని వినేది. పురిటింట్లో, పసుపు ఉడికించే కళ్ళాల దగ్గర, పెళ్ళిలో, ఎక్కడైనా నన్నే చెప్పమనేవారు. ఉన్నదానికి నాలుగు పూలు తురమడం నాకు అలవాటు. బావిని చూడడానికి బోధన్ నుంచి ఆఫీసరు వస్తాడని, ఆయన ఏది రాస్తే అదే జరుగుతుందని తెలిసింది. పుస్తకంలో చూస్తే రాజు లేడు, రాణి లేదు, అన్నీ పురుళ్ళే. దీనికోసం ఎవడు బావిని ఉంచుతాడు అనిపించింది. మా ఊరి మగవాళ్ళకు ఆ బావి మీద కొంచెం గౌరవం పుట్టించాలనుకున్నాను. నలుగురు ఉన్నచోట, కొత్త కథ చెప్పాను. వెనకటికి ఒక రాణి ఈ దారిన పోతూ ఐదు లంకెబిందెలు దాచిందట, ఆ గుర్తుకే రాయి మీద ఐదు గుంతలట. చెబుతుంటే నాకే నిజమనిపించింది. వినేవాళ్ళ కళ్ళు మెరిశాయి. ఆ పొద్దు మా వాడలో నా అంత దర్జా ఎవరికీ లేదు.

నాలుగో రోజు తెల్లవారి నీళ్ళకు పోయిన కోడలొకామె కడవ వదిలేసి పరుగెత్తి వచ్చింది. "బాయికాడ తవ్విండ్రు."

పోయి చూశాను. మొదటి రెండు మెట్లు పెకలించి ఉన్నాయి. కింద నడుము లోతు గొయ్యి. నల్లరాయి రెండు ముక్కలై పడి ఉంది. ఒక ముక్క మీద మూడు గుంతలు, ఇంకో ముక్క మీద రెండు. గొయ్యిలో మట్టి తప్ప ఏమీ లేదు.

ఇంటికి వచ్చాను. గోడకు ఆనించి మా గడ్డపార ఉంది. దాని మొనకు మెట్ల సందుల్లోని పాత సున్నం తెల్లగా అంటుకుని ఉంది. మా ఇంటాయన పడుకుని అటు తిరిగి ఉన్నాడు.

పెన్సిలమ్మ బావి దగ్గర ముక్కలను ఒకదానికొకటి చేర్చి చూస్తోంది. నేను వెళ్ళి నిలబడ్డాను. అంతా చెప్పాను. లంకెబిందెలు నేను అల్లిన కథ అని, గడ్డపార మాది అని.

ఆమె రెండు క్షణాలు కళ్ళు మూసుకుంది. ఆ రోజు మూడో క్షణం కూడా మూసుకుంది.

"సరే, ఇప్పుడేం చేద్దాం?"

"నన్ను తిట్టు చెల్లె."

"తిడితే రాయి అతుక్కోదు కదక్కా." పుస్తకం తెరిచింది. "రాయి పగిలిందని రాస్తాను. మిగతాది మీరు చెప్పమంటేనే."

"రాయి" అన్నాను. "మా ఇంటి గడ్డపార మొనకు మెట్ల సున్నం ఉన్నదని రాయి. గది నేను కండ్లార చూసిన. ఎర్రగనే రాయి."

రాసింది.

ఆఫీసరు జీపులో వచ్చాడు. బడి అరుగు మీద కుర్చీ వేశారు. ఒక పక్క సర్పంచ్, దరఖాస్తు పెట్టినవాళ్ళు. ఇంకో పక్క దూరంగా ఆడవాళ్ళం, కొంగు కప్పుకుని. మా అత్తను నేనే చెయ్యి పట్టి తీసుకొచ్చాను. ఆఫీసరు చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడు.

"ఈ బాయి ఏ రాజు కట్టించిండు?"

"తెలియదండీ" అంది పెన్సిలమ్మ.

"శాసనం ఉన్నదా?"

"లేదండీ."

సర్పంచ్ పక్కనున్నవాళ్ళు నవ్వారు. "ఇన్నొద్దులు కొల్చి కొల్చి తెలియదని చెప్పవట్టె" అని ఎవరో అన్నారు.

"మరి ఏమున్నదమ్మా?"

"దాన్ని వాడిన మనుషులు ఉన్నారండీ" అని పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. "ఎర్రగా ఉన్నది చూసింది. నీలంగా ఉన్నది విన్నది."

ఆయన పుటలు తిప్పాడు. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా. ఒకచోట ఆగాడు. "రాయి పగిలిందని ఉన్నది. లంకెబిందెలని ఊర్ల అనుకుంటున్నరట, నిజమేనా?"

పెన్సిలమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను లేచేదాన్ని కాదేమో. నేనే లేచాను. అంతమంది మగవాళ్ళ ముందు మాట్లాడడం అదే మొదలు.

"దొరా, గా రాయి నా నోటితోని పగిలింది. లంకెబిందెలు లేవు. రాణి లేదు. బాయిని ఉంచుతరేమోనని నేనే అల్లి చెప్పిన. గది అబద్ధం."

అరుగు మీద గుసగుసలు లేచాయి. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. "మరి నిజమేంది?"

కథ చెప్పేదాన్ని కదా, ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. అన్నీ మింగేశాను. "నేను ముగ్గురిని కన్న. ముగ్గురికి గా రాయి మీద బొట్లు పెట్టిన. గది చూసింది. మా అత్త పెట్టిందని విన్న. ఆమె గీడనే ఉన్నది, ఆమెనే అడుగున్రి."

మా అత్త లేవడానికి కొంచెంసేపు పట్టింది. లేచి, ఆఫీసరును కాదు, ఎదుటి పక్కన నిలబడ్డ తన కొడుకును చూసింది.

"నిన్ను కన్నంక ఇరవై ఒకటో నాడు జరమొచ్చి ఒళ్ళు కాలుతుంటె పోయి నీళ్ళు ముంచిన బాయిరా అది. పూడ్సెటట్టయితె పూడ్సుండ్రి. నన్ను గూడ అండ్లనే ఏసి పూడ్సు, జాగ ఇంకింత కలిసొస్తది."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆమె వెనక ఇంకో ముసలామె లేచింది. "నేను ఏడుగురికి పెట్టిన." ఇంకొకామె, "నేను ఇద్దరికి. ఒక బిడ్డ దక్కలే, అయినా పెట్టిన." అట్లా ఒకరి తర్వాత ఒకరు. ఎవరూ అరవలేదు, ఏడవలేదు. తమ లెక్క చెప్పి కూర్చున్నారు. ఆఫీసరు ఒక్కొక్కరి పేరూ పుస్తకంలో వేలుపెట్టి వెతికి చూసుకుంటున్నాడు. ప్రతి పేరూ ఉంది. ఒక పుట దగ్గర ఆయన వేలు ఆగింది. తలెత్తి మా ఇంటాయనను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. పుట తిప్పాడు. అది గడ్డపార మాట ఉన్న పుటేనని నాకు తెలుసు.

"బాగున్నది గని, బండ్లు పోయే తోవ ఇది. ఇంకో ఎద్దు పడితే ఎవరు జవాబు చెప్పాలె?" అన్నాడు చివరికి.

అప్పుడు మా ఇంటాయన రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎద్దు నాది. గోడ లేకనే పడ్డది. దసర లోపట బాయి చుట్టు గోడ కడత, నేను."

"నీ దరఖాస్తే కదనయ్యా ఇది?"

"ఔ. ఏలుముద్ర నాదే. గోడ గూడ నాదే."

ఆఫీసరు కాగితం మీద పూడ్చమని రాయలేదు. ఉంచమనీ రాయలేదు. 'గోడ కట్టిన పిమ్మట పరిశీలించవలెను' అని రాసి, జీపెక్కి వెళ్ళిపోయాడు. ఆ పిమ్మట ఎవరూ పరిశీలించడానికి రాలేదు. బావి అట్లాగే ఉంది.

గోడ సగం లేచాక హైదరాబాదు నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. మా వాకిట్లోనే చదివింది. ఏడాది అయిపోయిందని, మళ్ళీ ఇవ్వడం లేదని, రాజుల పేరు లేని ఈ రాతను పెద్దలు మెచ్చలేదని అందులో ఉందట. 'ఇది చరిత్ర కాదు, పురుళ్ళ పట్టీ' అని కూడా రాశారట. ఆ మాట చదివి వినిపిస్తూ నవ్వింది.

మా అత్త అంది, "మరి ఆళ్ళను ఎవరు కన్నరట?"

పెన్సిలమ్మ ఉత్తరం మడిచి సంచిలో పెట్టింది. "సరే, ఇప్పుడేం చేద్దాం?" అని తనే అని, తనే సున్నం తట్ట ఎత్తుకుని బావి వైపు పోయింది. జీతం లేకుండా ఇంకా నెల పైన ఉంది. మా ఇంటాయన రాళ్ళు పేరుస్తుంటే ఆమె దారం కట్టి వంకర చూసేది. "జర గట్టిగ లాగు" అని ఇప్పుడు ఆయన అనేవాడు, టేపు ఆమె చేతిలో పెట్టి. గడ్డపార మాట వాళ్ళిద్దరి మధ్య ఎన్నడూ రాలేదు. పగిలిన రాయి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆయన తాపీ పక్కన పెట్టి, రెండు ముక్కలనూ తనే ఎత్తి, తనే కుదిర్చాడు. నడుమ సన్నని పగులు మిగిలింది. సున్నంతో పూడుస్తానన్నాడు.

"వద్దండీ, అది కూడా జరిగిందే కదా" అంది ఆమె.

అందుకే ఇప్పుడు మా బాలింతలు మూడు వేళ్ళు ఇటు ముక్క మీద, రెండు వేళ్ళు అటు ముక్క మీద పెడతారు.

దసరాకు రెండు రోజుల ముందు వెళ్ళిపోయింది. పుస్తకం ఒక నకలు రాసి తను తీసుకుని, అసలుది నాకిచ్చింది. పెన్సిలు చెవి మీది నుంచి తీసి దాని మీద పెట్టింది.

"నాకు మూడో తరగతే చెల్లె" అన్నాను.

"పేరు రాయడం వచ్చు కదక్కా. ఇంకేం కావాలి? పూలు మాత్రం తురమకండి."

గొడుగు వేసుకుని బస్సు దారిన పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసే రకం కాదు.

ఆ రోజు నుంచి రాస్తున్నాను. మా వాడలో ఏ తల్లి బావికి వచ్చినా పుస్తకం పట్టుకుని పోతాను. నాలుగో ఏడు ఊరవతలి వాడ నుంచి ఒక బాలింత వచ్చి గోడ బయట నిలబడింది. లోపలికి రమ్మని మా అత్తే పిలిచింది. కొందరు మూతి తిప్పారు. తిప్పినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. అత్త ఇప్పుడు లేదు. మా ఇంటాయన ఏటా చెరుకు బండ్లు మొదలయ్యే ముందు గోడ చుట్టూ ఒకసారి తిరిగి, కదిలిన రాయి ఉంటే సరిచేసి వస్తాడు. పెన్సిలు ఎరుపు కొస అరిగి అరిగి పొట్టిదైంది. నీలం కొస ఆమె ఇచ్చినప్పుడు ఎంతుందో దాదాపు అంతే ఉంది.

ఈ సాయంత్రం బస్సు దిగి వచ్చి పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా ఇంటాయన వచ్చి అడిగాడు. "ఏమైందే?"

"పెన్సిలమ్మ పోయిందట."

ఆయన రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎవరు చూసిండ్రు?" అన్నాడు.

"ఎవరు చూడలే."

"మరి?"

పెన్సిలు తిప్పి నీలం కొసతో పోయిందన్న ఆ ఒక్క మాట రాశాను. రేపు పొద్దున చందూరు బస్సు ఉంది. ఆయన కూడా వస్తానన్నాడు. నీలం మాట పక్కన కొంచెం జాగా వదిలి పెట్టాను.